నాలుగో చట్రం

నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు, మూలకు మూల బిగిస్తే ఒక చదరం.
మీటరు పొడవు, మీటరు వెడల్పు.
ఏడాదికోసారి, పడమటి గాలి పడిపోయిన వారంలో,
అదే దిబ్బ మీద, అదే ఇనుప మేకు పక్కన దించుతాను.
పైనుంచి తిన్నగా, నా నీడ పడకుండా, ఒక్క ఫోటో.
అందులో అందం కోసం వెతకొద్దని ముందే చెప్పారు
కెండారి నుంచి కెమెరా తెచ్చిచ్చిన వాళ్ళు.
తాబేలు ఎదురొచ్చినా తల తిప్పకూడదు.
తిప్పాను, రెండుసార్లు.
ఆ ఫోటోలు లెక్కలోకి రావు.

సులవేసి పటంలో మా ఊరు నీలం రంగు మీద ఉంటుంది.
కర్రకాళ్ళ మీద ఇళ్ళు,
వంటింటి పలకల సందుల్లో అలలు.
మాలో బిడ్డ పుడితే బొడ్డుతాడుతో సహా మాయను
కొబ్బరిచిప్పలో పెట్టి నీళ్ళకి అప్పగిస్తారు.
అది తోడబుట్టిన దాని కిందే లెక్క.
నాది ఎక్కడ వదిలారని అడిగితే
అమ్మ చేపలు తోముతూ గడ్డంతో చూపించింది,
ఇంచుమించు నాలుగో చట్రం వైపే.

లోతుకి దిగేకొద్దీ మొదట చచ్చిపోయే రంగు ఎరుపు.
ఓసారి అడుగున పగడం నా వేలు కోసింది.
కారిన నెత్తురు ఆకుపచ్చగా ఉంది,
నాచు పిండిన రసంలా.
ఫ్లాష్ కొడితేనే తన రంగుకి తాను తిరిగొచ్చింది.
ఈ సంగతి నాన్నకి చెప్పాను.
కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళతో వల చిక్కు తీస్తూ
“మా దగ్గర అప్పుడు ఫ్లాష్ లేదు కదే, సర్మీనా” అన్నాడు.
అంతే అన్నాడు.

బీరు సీసా, జానెడు వత్తి.
సముద్రం ఒక్కసారి దగ్గినట్టు చప్పుడు.
తర్వాత తెల్లటి పొట్టలు తేలేవి:
మా బడి ఫీజు, వానాకాలం బియ్యం, అమ్మ కుట్టుమిషను.
ఒక పొద్దున వత్తి పొట్టిదైంది.
ఆ రోజుతో మానేశాడనే అనుకున్నాం, ఊరంతా.

పోయిన నెల సభలో
మసీదు వెనక చెక్కవంతెన మీద పాత తెరచాప కట్టి
నాలుగో చట్రాన్ని వరసగా వేశాను.
మొదటేడు: జింక కొమ్ములు, పళ్ళేలు, వాటి మధ్య నీలితోకల పిల్లచేపలు.
రెండో ఏడూ అవే, కాస్త లావెక్కి.
మూడో ఏడు: పిండి.
సుద్దముక్కలు తొక్కిపోసినట్టు.
నాలుగు, పిండి. ఐదు, పిండి మీద నాచు.

లాముదిన్ మామ లేచి “ఈ బొమ్మలు వండుకు తింటామా?” అన్నాడు.
కొందరు నవ్వారు. నాకు కోపం రాలేదు.
ఎన్నో రాత్రులు నన్ను నేను అడిగిన మాటే అది.

అప్పుడు నాన్న లేచాడు, ప్రొజెక్టరుకి అడ్డంగా.
మళ్ళీ వెనక్కి తిప్పమన్నాడు.
మూడో ఏటి పిండి మీద
రెండు వేళ్ళ నీడ పడింది.
“ఇది నాది.
చెయ్యి పోయాక. ఇంజను అప్పు మిగిలే ఉంది.
ఎడమచేత్తో విసిరాను.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు.
మా నాన్న కాలిన చెయ్యి పక్కన పెట్టి
రెండో చేత్తో మళ్ళీ నిప్పే పట్టుకున్నాడు,
నా మేకు దగ్గర, నా తోడబుట్టిన దాని మీద.
జనరేటరు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
ఆరో ఫోటో వెయ్యడం మర్చిపోయాను.

మూడో రోజు ఉత్తరం వైపు ఆ దగ్గు మళ్ళీ వినిపించింది.
ఎవరో తెలుసు, చెప్పను.
పటం మీద పెన్సిలుతో చుక్క పెట్టి ఊరుకున్నాను.

ఆ రాత్రి నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.
“ఆరోది చూపించలేదు.”
చూపించాను.
ఎడమవైపు కింది మూల, నాచు పక్కన,
గోరంత, లేత గులాబీ.
“ఇది నా అరచెయ్యంత అవడానికి?”
“పదేళ్ళు. పన్నెండేమో.
ఎవరూ ఏమీ విసరకపోతే.”

ఎడమచేతి నుంచి మొదలుపెట్టాడు.
ఏడు దగ్గర వేళ్ళు అయిపోయాయి.
కాసేపు అలాగే కూర్చున్నాడు.
తర్వాత నా చెయ్యి అందుకుని
మిగతా ఏళ్ళు దాని మీద లెక్కపెట్టాడు.