బాతు భాష

హౌగసుండ్ రేవు దాటాక పదహారు గంటలు.
ఆపైన నేల లేదు, నీళ్ళే.
ఓడ నడిమధ్య ఒక ఇనుప గది,
పాల ట్యాంకరు పక్కకి ఒరిగి పడుకున్నట్టు.
అందులో ఆరుగురు మగాళ్ళు పద్నాలుగు రోజులు బతకాలి.
బయట గడియారాల ముందు నేను.
వాళ్ళ ఊపిరి లెక్క నాది.

నూట ఇరవై మీటర్ల నీటి బరువుని
ఆ గదిలో గాలికి ఎక్కించి ఉంచుతాం.
గాలి అనకూడదు నిజానికి.
హీలియం, అందులో కూరలో ఉప్పంత ఆక్సిజన్.
దాన్ని పీల్చి నోరు తెరిస్తే
ఎంత మొనగాడైనా
కోపమొచ్చిన బాతుపిల్ల.

మొదటి వారం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
గొంతుని సరిచేసే పెట్టె ఒకటి ఇచ్చారు.
అది మాటని ఉతికి, పిండి, ఆరేసి ఇచ్చేది.
మాట వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు.
నాలుక చచ్చిపోయింది, కారం సీసా పంపమని ఐవిన్ అడిగితే
చిన్న తలుపులోంచి ఉన్ని మేజోళ్ళు పంపాను.
ఉప్పు చల్లుకుని తిన్నాం, బాగున్నాయి అని
చీటీ తిరిగొచ్చింది.

ఎప్పుడు మారిందో చెప్పలేను.
ఒక రాత్రి మరమ్మతు మనిషి వచ్చి, పెట్టె మూత విప్పి
"ఇది గంటన్నర నుంచి చచ్చే ఉంది కదా" అన్నాడు.
గంటన్నరగా నేను ఐవిన్‌తో మాట్లాడుతూనే ఉన్నాను.
వాళ్ళమ్మ మోకాలి గురించి,
పడవకి వేయాల్సిన రంగు గురించి,
సముద్రం అడుగున పైపు పక్కన ఆగి
తనని ఎగాదిగా చూసిన కాడ్ చేప
అచ్చం వాళ్ళ ఊరి పోస్టుమాస్టరులా ఉండడం గురించి.

పుర్రె లోపల ఎవరో గుమస్తా
జీతం అడక్కుండా, రాత్రుళ్ళు మేలుకుని
కొత్త నిఘంటువు రాసిపెట్టుకున్నాడు.
నాకు మాటమాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత బాతులు ఎగిరిపోయాయి.
ఆరు గొంతులు, ఆరు రకాలు.
దగ్గు వింటే చాలు, ఎవరికి నిద్ర లేదో తెలిసేది.
ఐవిన్ గొంతు మాత్రం... ఎలా చెప్పను,
అప్పుడే కోసిన చెక్కపొట్టు వాసనలా ఉండేది.
ఇంకెవరు విన్నా కీచుమనే అంటారు.

పని ముగిశాక ఒత్తిడి దింపడానికి ఐదు రోజులు.
నిద్రపోయిన బిడ్డని ఒళ్ళోంచి మంచం మీదకి దించినట్టు,
తొందరపడితే అంతే సంగతులు.
ఐదో రోజు తలుపు తీశాను.
వచ్చాడు, పాలిపోయి, వెలుతురుకి కళ్ళు చికిలిస్తూ.
"కాఫీ ఉందా, ఓషిల్?"
బావి అడుగునుంచి తోడినట్టు లావు గొంతు.
ఎవరు మాట్లాడారా అని
నేను వెనక్కి తిరిగి చూశాను.

నవ్వేశాడు. ఆ నవ్వూ నేనెరగను.
డెక్కు మీద నిలబడి కాఫీ తాగాం,
రైల్లో ఎదురెదురు సీట్ల వాళ్ళలా
వాన వస్తుందా రాదా అనుకుంటూ.
మళ్ళీ ఆ గదిలోకి ఎప్పుడు వెళ్తాడా అని
ఎదురుచూశానని ఎవరితోనూ అనలేదు.
అనుకోవడానికే సిగ్గేసే మాట.

పందొమ్మిదేళ్ళు అలాగే.
చివరికి సముద్రం కాదు,
ఇంటి మెట్ల మీద మంచు తీస్తూ పోయాడు.
చర్చిలో ఎవరో పాత టేపు పెట్టారు,
చెల్లెలి పెళ్ళిలో అతను మాట్లాడింది.
అందరూ ఏడ్చారు.
నాకు రాలేదు.
ఎవరో పెద్దమనిషి, బాగానే మాట్లాడుతున్నాడు అనిపించింది.

మొన్న సునివా పుట్టినరోజు.
బెలూన్ ముడి విప్పి ఒక గుక్క పీల్చి
ఏదో అంది.
గదంతా పొట్టలు పట్టుకుని పడిపడి నవ్వింది.
ఏమందో ఒక్కరికీ తెలియలేదు.
"ఇంకో ముక్క, అంచు వైపుది" అంది.
నేను కేకు అంచు కోశాను.
కోస్తుంటే చెయ్యి ఆగింది.
తల దానంతటదే తలుపు వైపు తిరిగింది.
లోపలి గుమస్తాకి
ఆ కబురు ఎవరూ చేరవేయలేదేమో.

"ఎవరొచ్చారు, అమ్మమ్మా?" అంది సునివా,
మళ్ళీ ఒక గుక్క పీల్చి,
ఆ గొంతుతోనే.