తునక

బెర్గెన్‌లో వాన ఆగదు.
ఆగిందని ఎవరైనా అంటే కొత్తవాళ్లని అర్థం.
రేవు పక్క ప్రయోగశాల, రెండో అంతస్తు, చీకటి గది,
ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే కుర్చీ
రన్నవైగ్‌ది.

గాజుపలక మీద కాడ్ చేప పొలుసు.
పొలుసులో ఒక కణం,
కణం నిండా నల్లరేణువులు, చల్లిన ఆవాల్లా.
అడ్రినలిన్ చుక్క పడిందా,
అన్నీ నడిమికి పరుగు.
పొలుసు తెల్లబోతుంది.
కెఫీన్ చుక్క వేస్తే
మళ్లీ అంచులదాకా నలుపు.
"మనకి కాఫీతో తెల్లారుతుంది,
వీటికి పొద్దుగూకుతుంది"
కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ అదే జోకు.
నాకూ చెప్పింది.

దారులు మామూలుగా కనిపించవు, రంగు వెయ్యాలి.
వెంట్రుకను మూడువేల పాయలు తీస్తే ఒక పాయంత
సన్నటి గొట్టాలు,
వాటి మీద మూటలు మోసే అణువులు.
ఒక జాతి లోపలికే నడుస్తుంది, ఒక జాతి బయటికే.
దారి మటుకు నిలిచుండేదా?
కొస పెరిగీ పెరిగీ ఉన్నట్టుండి రాలిపోతుంది,
ఆ రాలినవాటితోనే పక్కన ఇంకో దారి.
ఇది ఏ రోడ్ల శాఖకీ అర్థం కాదు.

నవంబరులో ఒకరోజు ఆమె
గాజుసూదితో కణం చెయ్యి ఒకటి తెంచింది.
కేంద్రకం అటు. దారులు మొదలయ్యే ముడి అటు.
ఇటు ఒట్టి తునక.
చచ్చినట్టే అనుకున్నాను.
అడ్రినలిన్ వేసింది.
రేణువులు తెగిన అంచుదాకా వెళ్లి ఆగాయి,
తాళం వేసిన ఇంటి ముందు చుట్టాల్లా.
"ఉండు" అంది.
నాలుగు గంటలు, రెండు ఫ్లాస్కులు.
అంచునున్న నలుపు జరిగింది, జరిగి
తునక నడిబొడ్డున కూచుంది.
రంగు వేసి చూస్తే దారులన్నీ
అక్కణ్ణించే, గొడుగు ఊచల్లా.
ఇక్కడే నడుమని ఎవరు చెప్పారు?
రేణువులు దారుల్ని లాగాయి, దారులు రేణువుల్ని.
అంతే. ఆమె నోట్‌బుక్‌లో టైము రాసుకుంది.

ఆ రాత్రి కారులో దింపుతానని
మధ్యలో తన ఇంటి దగ్గర ఆపింది.
ఐవిన్ వెళ్లిపోయి మూడు వారాలట.
భోజనాల బల్ల అతని వాటాకి పోయింది.
తివాచీ మధ్య నాలుగు కాళ్ల గుంటలు.
కెటిల్, కళ్లద్దాలు, కరెంటు బిల్లు, సగం అల్లిన మేజోడు
అన్నీ కిటికీ గట్టు మీద.
"ఇరవయ్యేళ్లు సర్దుకుపోయాను కదా,
సర్దుకోవడం రావట్లేదు" అంది.

నేను గట్టునే చూస్తున్నాను.
కుర్చీ అటు తిరిగి ఉంది. దీపం అటు వంగి ఉంది.
తలుపు నుంచి, పొయ్యి నుంచి, పడగ్గది నుంచి
తివాచీ మీద నలిగిన నూగు
అటే.

ఏమీ అనలేదు.
కాఫీ ఇమ్మన్నాను.