పావుగంట

హనుమకొండ చౌరస్తాల జిరాక్సు తీయించి
నోటరీ ముద్ర కొట్టించిన
నలభై రెండు పేజీల ఆకాశం
ఢిల్లీ దాకా పోయి తిరిగొచ్చింది.
ఎర్రసిరాతో ఒక సున్నా చుట్టి
పక్కన మూడే మాటలు:
రాత్రి గంటలు చాలవు.

నేను నేర్చుకున్న దక్షిణాఫ్రికాలో
పొద్దు గూకిన పావుగంటకు రాత్రి.
ఇక్కడ అరగంటకు.
నడుమ మిగిలిన పావుగంట
అక్కడి పుస్తకంల రాత్రి, ఇక్కడి పుస్తకంల పగలు.
నేనేమో దాంట్లకెల్లి పద్నాలుగుసార్లు ఎగిరిన.

కింద సముద్రం ఇంకా తెల్లగనే ఉండేది,
రన్‌వే దీపాలు మాత్రం అప్పుడే వెలిగించేటోళ్లు.
ఎవరూ అబద్ధం చెప్పలేదు.
పద్నాలుగు పావుగంటలు, మూడున్నర గంటలు,
గంటకు పదహారువేల లెక్కన
యాభై ఆరువేలు.

అక్కడ గంటను పది ముక్కలు చేస్తరు.
ఒకటి పాయింట్ మూడు, సున్నా పాయింట్ తొమ్మిది.
ఇక్కడ నిమిషాలు కావాలన్నరు.
డీజిల్ కాలనీ క్వార్టర్ల గ్యాసుపొయ్యి పక్కన కూసొని
ఒక్కొక్క చుక్కను ఆరుతో గుణించిన.
ఎదురుగాలికి చేతులు వణికిన రోజూ
ఏమీ జరగని రోజూ
ఒక్కటే పద్దెనిమిది నిమిషాలైనయి.

గురువు పక్కన కూసొని నోరు మెదపకుంటే
ఆ విమానానికి నేనే కమాండర్‌నని
అక్కడ సంతకం పెట్టిచ్చిన్రు.
ఆయన కూసున్నడంటే నువ్వు కాదని ఇక్కడన్నరు.
పదకొండు గంటలు
గడి దాటి పక్క గడిలకు జరిగినయి,
బస్సుల ముసలమ్మకు జాగ ఇచ్చినట్టు.

మా నాయిన ఓదెలు, కాజీపేట లోకో పైలట్.
కాగితం చదివి అద్దాలు తీసిండు.
"బండి కదిలిందా లేదా?"
కదిలింది.
"నడిపింది నువ్వేనా?"
నేనే.
"మరింకేం గావాలె వాళ్లకు?"

చెప్పుకుంట పోతుంటే వినలేదు.
మంచం కింది రేకుపెట్టె గుంజి
పచ్చట్ట డైరీ ఒకటి తీసిండు.
బల్లార్షా గూడ్సు, వానకాలం, ఏ ఏడో చెరిగిపోయింది.
ఉప్పల్ ఔటర్ల రెండు గంటల పది నిమిషాలు. సిగ్నల్ లేదు.
కిలోమీటర్లు: సున్నా.
సున్నాకు భత్యం రాదు గద నాయినా,
ఎందుకు రాసుకున్నవ్?
"మెలకువతోని ఉన్న గద."

ఆదివారం సాయంత్రం
టీవీఎస్ మీద మామునూరు దిక్కు పోయినం.
కంచె అవతల పాత రన్‌వే,
పగుళ్లల్ల గడ్డి, గడ్డిల మేకలు.
ఆరూ నలభై ఒకటికి పొద్దు గూకింది.
గడియారం చూసుకుంట నిలబడ్డ.
ఆరూ యాభై ఆరు. అక్కడైతే రాత్రి మొదలు.
ఏడూ పదకొండు దాకా ఇక్కడ కాదు.
ఆ నడుమల
ఒక తీతువు గట్టిగ ఒర్రింది,
మేకల పిల్లగాడు ఒకటి తక్కువైందని
మల్ల మొదటికెల్లి లెక్కపెట్టిండు,
పత్తిచేన్ల అవతలి వాన వాసన వచ్చి
రాకుండనే మర్లిపోయింది.
ఏ గడిల రాయాలె దీన్ని?

"చీకటైందా?" అన్నడు నాయిన.
ఏ దేశం లెక్కన, అన్న.
నవ్వలేదాయన. ఎనిమిదింటికి డ్యూటీ ఉంది.
కిక్కు కొట్టి, రోడ్డు దిక్కు ఒకసారి చూసి,
హెడ్‌లైటు వేసిండు.
వేయాల్సినంత చీకటే ఉండె.