సున్న నంబరు

నాలుగు గొట్టంగ లేస్త.
స్టవ్ మీద చాయ్ పొంగేలోపట
డెబ్బై ఎనిమిది బొమ్మల్ల ఒక్కటి తీస్త.
కోఠి ఫుట్‌పాత్ మీద నూటయాభైకి బేరమాడిన టారో పెట్టె,
ఒక మూలకు సిరా మరక.

"చిలుకేదక్కా?" అంటడు డ్రైవర్ కుర్మయ్య,
అద్దం తుడుసుకుంట.
చిలుక లేదు తమ్మీ,
తీసేది నేనే, చదివేది నేనే,
అబద్ధం చెప్పేది గూడ నేనే.

నిన్న డిపోల కాగితమిచ్చిన్రు:
ఆఫీసుల కూసుండే డ్యూటీ,
శనివారం లోపట సంతకం.
మోకాళ్లు పెట్టమన్నయ్.
పదకొండేండ్ల సంది మక్తల్ రోడ్డు మీద
రాడ్డు పట్టుకుని నిలబడ్డ కుడిచెయ్యి
ఏం మాట్లాడలే.

ఇయ్యాల మొదటి కార్డు:
కండ్లకు గంతలు కట్టుకున్న ఆడామె,
రెండు చేతుల్ల రెండు కత్తులు, ఎన్కల సముద్రం.
మా దిక్కు సముద్రం యాడిది,
కోయిల్‌సాగర్ అనుకున్న.
"గంతలు ఎవరు కట్టిన్రు?" అని ఆమెనడిగిన.
చాయ్ పొంగి స్టవ్ ఆరిపాయె.

దొంగపని జేసిన.
ఆ కార్డు లోపట పెట్టి మల్లొకటి తీసిన.
ఈపాలి పిచ్చోడు:
కర్రకు చిన్న మూట, కాళ్లకాడ కుక్క,
ఇంకొక్కడుగేస్తె లోయ.
మూట జూస్తె మా చిన్నాయన యాదికొచ్చిండు.
బొంబాయి బస్సెక్కిన నాడు
ఈ బొమ్మల పోరని లెక్క మొగులు దిక్కు చూడలే ఆయన,
చెప్పు తెగుతదేమో అని
కాళ్ల దిక్కే చూసిండు.

కార్డు మీద నంబరు చూసిన.
సున్న.

నవ్వొచ్చింది.
దినాం నా మిషన్ల నుంచి ఎన్ని సున్నలు ఎల్తయో!
దేవరకద్రల ఉల్లిగడ్డ గంపెత్తుకున్న మొగులమ్మకు సున్న,
మరికల్ల దవాఖానకు పోయే నెలలు నిండిన పిల్లకు సున్న,
"పైసలే లేనప్పుడు ఈ కాగితమెందుకు బిడ్డా?" అని
అడిగి గూడ రైక సందుల దాచుకునే ముసలామెకు సున్న.
"పోయే ఊరి పేరుంది గదమ్మా అందుల" అంట.

ఆ మాట నాకు నేను
ఎన్నడు చెప్పుకోలే.

బొమ్మ ఏం చెప్తది, వట్టి అట్టముక్క.
కాని మొదటి కార్డు లోపట కుక్కేటప్పుడు
నా చెయ్యి గంతగనం ఎందుకు తొందరపడ్డదో,
గది మాత్రం సమజైంది.

శనివారానికి ఇంక రెండు రోజులు.
మోకాళ్లకు నూనె రాసిన.
కాగితం నాలుగు మడతలు పెట్టి
పిచ్చోని కింద దాచి, పెట్టె మూసిన.

బస్టాండ్ల ఇంజను అప్పటికే ఉరుముతుంది.
"ఏమొచ్చిందక్కా ఇయ్యాల?"
"టికెట్."
"ఏ ఊరికి?"

రైట్, రైట్, అని
విజిల్ ఊదిన.