తొంభయ్యో రోజు

సున్నా నుంచి ఆరు దాకా ఏడు అంకెలు.
సున్నా అంటే ఏమీ జరగనట్టే.
ఆరు అన్నిటికన్నా తేలిక:
ఫోనెత్తినవాళ్ళు కాసేపు మాట్లాడరు,
నేను రెండో ప్రశ్న అడగను.

పక్షవాతం వచ్చిన తొంభయ్యో రోజున
మనిషి ఏ అంకె దగ్గర ఆగాడో కనుక్కోవడం నా ఉద్యోగం.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో, ఎక్స్‌రే గది పక్కన,
మెట్ల కింద బల్ల,
రెండు వందల పన్నెండు పేర్లు.

వాళ్ళు వచ్చిన రాత్రే
బీపీ, చక్కెర, వయసు, ఎన్ని గంటల ఆలస్యం,
స్కానులో నల్లబడ్డ మేర ఎంత,
అన్నీ మింగి యంత్రం ఒక జోస్యం చెబుతుంది.
ఏం చెప్పిందో నాకు చెప్పరు.
తెలిస్తే నా చెయ్యి అటు వంగుతుందట.
తాసు పట్టేవాడికి ధర తెలియకూడదన్నమాట.

దొరకనివాళ్ళూ ఉన్నారు.
భావనపాడు మైలపిల్లి కొర్లయ్య
వేరావల్ బోటెక్కేశాడని ఒకరు,
ఎక్కనివ్వలేదు, అక్కడే ఎక్కడో పడున్నాడని ఒకరు.
ఆ ఖాళీ గడిని లెక్కల సారు
అతనిలాంటి ఇంకో పదిమందితో నింపుతాడు.
అతనిలాంటి పదిమంది!
ఆ మాట నాకు బస్సులో గుర్తొస్తూ ఉంటుంది.

ఇవాళ కాశీబుగ్గ.
బమ్మిడి కాంచనమ్మ, యాభై ఏడు, జీడి ఫ్యాక్టరీ.
ఆ రాత్రి అంగీకార పత్రం మీద
కుడిచెయ్యి లేవక ఎడమ బొటనవేలు అద్దించాను.
ముద్ర పడలేదు.
ముప్పై ఏళ్ళ జీడిరసం గీతలన్నీ తినేసింది.
నీలిమచ్చ కింద నేనే సాక్షి సంతకం చేశాను.

అన్ని మాటలూ పోయి ఆమెకి ఒకటే మిగిలింది: బద్ద.
మంచినీళ్ళకి బద్ద. లైటు ఆర్పమనడానికి బద్ద.
మనవడి పేరూ బద్దే, వాడు పలుకుతాడు కూడా.

ఊతం లేకుండా నడుస్తుందా అని అడిగితే
కోడలు రోహిణి నన్ను గుమ్మం బయటికి లాక్కొచ్చింది.
"నడిసీస్తంది గానీ, నడిసీస్తందని రాసీకండమ్మా.
ఏ నంబరేస్తే పింఛనొస్తాదో అదెయ్యండి."
ఇది పింఛను కాగితం కాదన్నాను.
"మరేటికి?"
ఇంకా పడనివాళ్ళకి, అన్నాను.
రేపో మాపో ఇలాగే మూతి వంకరపోయి వచ్చేవాళ్ళకి
మొదటి రాత్రే ఏదో ఒకటి చెప్పగలగడానికి.
"మా అత్తకి ఆ రేతిరి ఎవులూ ఏటీ సెప్పనేదు."

చెప్పే ఉంటుంది యంత్రం,
మా ఇద్దరికీ కాకుండా.

లోపల కాంచనమ్మ చాపమీద కూర్చునుంది.
ముందు చేట. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తెచ్చిన పప్పు.
కుడిచెయ్యి ఒళ్ళో పిల్లిలా పడుకుంది.
ఎడమచెయ్యి ఏరుతోంది:
గుండు అటు, బద్ద ఇటు, నూక తన ముందుకి.
వెనకటి పనులు చేసుకోగలుగుతున్నారా అన్నది ప్రశ్న.
వెనకటిదాంట్లో పావు, అంది కోడలు.
పావు పని పనేనా? కాగితం చెప్పదు.
రెండుకీ మూడుకీ మధ్య
పెన్ను మూత తీసి కూర్చున్నాను.

ఒక పప్పు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.
వెంట్రుకంత చీలిక.
గుండూ కాదు, ఇంకా బద్దా కాలేదు.
వెలుగుకి పట్టి చూసింది. గోటితో నొక్కబోయి మానేసింది.
నాకేసి తిరిగి "బద్ద?" అంది.
పప్పు సంగతి అడిగిందో,
నా చేతిలో కాగితాన్నే అడిగిందో.

తర్వాత ఏ కుప్పలోనూ వెయ్యకుండా
నోట్లో వేసుకుంది.

మొదటి వారం చెంచాడు నీళ్ళకే పొలమారిన గొంతు.
నమిలింది. మింగింది.
నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను, ఇరవై దాకా.
పొలమారలేదు.

ముందు అది రాసుకున్నాను.
అంకె, బస్సెక్కాక.