యాడికి

వాన ల్యాకున్నా గొడుగేసుకొని
ఎరువులంగడి మెట్ల కింద నిలబడుంటాది లిగాయ మేడం.
ఏడువేల దీవుల్లో ఒగ దీవంట వాళ్లది.
అన్ని నీళ్ల నడుమనుంచి
బిందెలు వరస పెట్టే పత్తికొండకొచ్చి
మా పిల్లోళ్లకి ఇంగ్లీషు చెప్తాంది.
నెలకింతని నా ఆటో మాట్లాడుకునింది.
నాకొచ్చిన ఇంగ్లీషు
ఎస్ మేడం, నో మేడం, పంచర్ మేడం.

తెల్లార్తోనే ఉగ్గాని.
మిరపకాయ బజ్జీ కొరికి
కండ్లల్లో నీళ్లు తుడ్చుకుంటా
ఇంగొగటి, అని వేలు చూపిస్తాది.
వాళ్లూర్లో పొద్దున్నే ఎండుచేప, అన్నమంట.
మూడు పూటలా అన్నమేనంట.
"అయితే మాకంటే ఉన్నోళ్లే" అనె బజ్జీల ఓబుళమ్మ.

ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట
యాడికి.
వాళ్ల భాషలో గూడా
మనిషి ఎదురుపడితే బాగుండావా అనరంట,
యాడికి, అంటారంట.
జవాబక్కర్లే, నవ్వితే చాలంట.
ఇంగ చూడు,
పాలాయప్పని యాడికి,
కండక్టరుని యాడికి,
స్టేషన్ కాడ బూట్లు తుడ్చుకుంటాన్న ఎస్సైని గూడా
యాడికి.
బళ్లో అదే పాఠం,
వేర్ ఆర్ యూ గోయింగ్?
నలభై గొంతులు ఒగేసారి
అయామ్ గోయింగ్ టు మార్కెట్.
ఖాసింబీ ఒగతే లేచి
అయామ్ నాట్ గోయింగ్ మేడం, అనిందంట.
దానికి రెండు చాక్లెట్లు.

తొలకరి పడిన మర్నాడు
సుంకులమ్మవ్వ సద్దిమూట సంకనబెట్టుకొని
జొన్నగిరి చేన్లల్లో రాళ్లేరను బయల్దేరె.
గడప దాటిందో లేదో
గొడుగు కిందనుంచి నవ్వుకుంటా, యాడికి?
అంతే.
"పొయ్యేటప్పుడు యాడికంటావా, నీ నోట్లో మన్నుపొయ్య!"
అవ్వ మూట దించె.
వెనక్కి పోయి మంచినీళ్లు తాగె.
గోడకానుకొని రొంతసేపు కూచునె.
మేడం మొగం పాలిపోయింది.
నాకు చెప్పను ఇంగ్లీషు ల్యా.
చేతుల్తోనే చెప్తి:
బయల్దేరిన మనిషిని యాడికి అంటే
దోవ ముడుచుకుంటాది.
అంతగా అడగాలంటే
ఎందాంక, అను.

ఎందాంక.
పుస్తకంలో రాసుకునె.
అవ్వ మల్లా గడప దాటుతాంటే
గొడుగు మూసి, మెల్లిగా
"అవ్వా, ఎందాంక?"
అవ్వ నిలబడి ఎగాదిగా చూసి
"రా, నువ్వూ రా" అనె.

ఆ పొద్దంతా ముగ్గురివీ వంగిన నడుములే.
ఎర్రమన్నులో వాన కడిగిన రాళ్లు,
ప్రతిదీ వజ్రమే
చేతికొచ్చేదాంక.
మేడంకి దొరికింది పచ్చగాజు ముక్క.
అవ్వ దాన్ని ఎండకి పట్టి
నాలిక్కి తాకించి
"దాపెట్టుకో" అనె, శానా గంభీరంగా.
సద్దిలో ఎర్రగడ్డ ఒగటే ఉంటే
ముగ్గురం పంచుకున్న్యాం.

ఇంగొగ ఆదివారం గుత్తి బస్టాండు.
అక్షరాలు కూడబలుక్కుంటా నిలబడిన మనిషి
ఒక్కసారిగా నా చెయ్యి గిల్లె.
బస్సు నెత్తిన బోర్డు
యా... డి... కి.
బస్సే అడుగుతాంది!
అది ఊరు మేడం, ఊరిపేరు, అంటి.
వింటే గదా.
అడిగినాంక పోవాల్సిందే అన్నట్టు
ఎక్కి కిటికీ కాడ కూచునె.
యాడికిలో ఏం పని మాకు?
ఉడకబెట్టిన శెనక్కాయలు తిని
ఒగ కుక్కకి రెండేసి
అదే బస్సుకి తిరుక్కొచ్చినాం.
దోవంతా నవ్వుతానే ఉంది.
సోమారం బళ్లో అదే పాఠం,
వియ్ వెంట్ టు వేర్.
తప్పో ఒప్పో నాకేం తెల్సు,
పిల్లోళ్లు నాలుగు దినాలు
వీధంతా అదే అరుస్తా తిరిగిరి.

మార్చి దాంక కాగితమంట ఆమెకి.
ఆ తర్వాత ఇంగే దేశమో, ఏ పిల్లోళ్లో.
గేరు మార్చేటప్పుడు ఆ మాట
నోటిదాంక వస్తాది.
మింగుతా.

నిన్న సాయంత్రం
సీటు కింద గొడుగు మర్చిపోయింది.
టమేటా మండీ కాడ బండి చెడిపోయి
దిగి తోస్తాంటే వాన పట్టుకునె.
తెరవలే నేను.
తెల్లారితో ఇయ్యాల.