కుడి జేబు

పొద్దున చొక్కా తొడుక్కుని
తాళాలు, పర్సు, జేబురుమాలు సర్దుకున్నాక
బిస్కెట్ల డబ్బా మూత తీస్తాను.
పాత బనీను గుడ్డలో పడుకుని
పదకొండు కత్తులు.
ఇవాళ ఎవరి వంతని ఆలోచించను,
వేళ్లకే తెలుస్తుంది.

"మొదలైందా దర్బారు" అంటుంది సువార్త
ఇడ్లీ రేకులు దించుతూ.
"వంటింట్లో కత్తి మొద్దుబారి నెలయింది.
దాని మొహం చూసే దిక్కు లేదు."
నిజమే.
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఎర్ర పిడిది స్విట్జర్లాండుది,
నాలుగు నెలల చీటీ డబ్బు.
పళ్లు కుట్టుకునే పుల్ల ఎక్కడో పారేసుకున్నాను,
ఆ ఖాళీ గాడి బొటనవేలికి అలవాటైపోయింది.
గుండ్రటి కర్ర పిడిది ఫ్రాన్సుది.
వానాకాలం ఉబ్బిపోయి తెరుచుకోనని మొండికేస్తుంది,
బల్లకేసి ఒక్కటి తగిలిస్తే గానీ వినదు.

తుమ్మచేవ పిడిది మాత్రం
ఏటుకూరు రోడ్డు కొలిమిలో బాజీ చేసింది.
లారీ కమాను కట్ట అది.
పదేళ్లు మిరప టిక్కీలు మోసి
చిలకలూరిపేట దాకా గతుకులన్నీ తిన్న ఉక్కు.
సాగగొట్టి, నూనెలో ముంచి
అరచెయ్యంత చేశాడు.
చేతికివ్వలేదు.
దాగలి మీద పెట్టి "తీసుకో" అన్నాడు.
చేతికిస్తే మాటలు తెగుతాయట.
మూడు వేలూ లెక్కబెట్టుకుని
పైన ఇంకో రూపాయి అడిగాడు.
"ఇది కత్తికి కాదు, మనిద్దరికీ."

యార్డులో దానికి పనుంటుంది.
టిక్కీ మూతి దగ్గర పురికొస
ఒక్క కుట్టు, ఒకే ఒక్క కుట్టు తెంపాలి.
రెండు తెగితే కాయ జారుతుంది
వెనకాలే రైతు మొహం జారుతుంది.
తేజ కాయ పిడికెడు తీసి
తాలెంత, తేమెంత,
నడిమికి చీల్చి గింజ రంగు చూసి
మాట్లాడకుండా పక్కన పెడతాను.
ధర చెప్పేది నేను కాదు.
రైతుకది తెలీదు,
కత్తి వైపే చూస్తాడు.

సాయంత్రానికి వాదర నిండా ఘాటు.
మరిచిపోయి దాంతోనే జామకాయ కోసిచ్చిన రోజు
మా చంటిది ఏడ్చిన ఏడుపుకి
లాలాపేట సగం మా గుమ్మంలో ఉంది.
అప్పట్నుంచి కాయకో కత్తి, పండుకో కత్తి.
కొత్తది కొనడానికి అదో సాకు కూడా.

సినిమా హాలు దగ్గర ఆపేస్తారు.
"ఏంటన్నా ఇది?"
"కత్తి."
ఇంకేం చెప్పను?
సైకిల్ స్టాండు కుర్రాడికి అప్పజెప్పి లోపల కూర్చుంటే
కుడి తొడ మీద ఏదో వెలితి.
ఇంటర్వెల్లో వెళ్లి చూసొస్తాను.

మొన్న బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
ఒక బండి వెనక చక్రం
చున్నీని మింగేస్తోంది.
వెనక కూర్చున్నావిడ మెడ పక్కకి ఒరిగిపోయింది.
బండి ఆపారు గానీ
తలా ఒక వైపు లాగుతున్నారు, ముడి బిగుస్తోంది.
జేబులో చెయ్యి పెట్టాను.
టక్.
ఆ చిన్న చప్పుడుకి
గుమిగూడిన జనం రెండడుగులు వెనక్కి.
"ఒరేయ్, కత్తిరా" అన్నాడొకడు.
మెడకీ గుడ్డకీ మధ్య రెండు వేళ్లు దూర్చి
కత్తి వెన్ను ఆమె వైపు
వాదర నా వైపు తిప్పి లాగాను.
తెగిన చప్పుడు కూడా రాలేదు.
బాజీ, నీ చేతికి దండం.

ఆవిడ దగ్గి దగ్గి, ఊపిరి తీసుకుని
చేతిలో మిగిలిన ముక్క చూసుకుని
"మంగళగిరిదండీ, నిన్ననే కొన్నాను" అంది.
తర్వాత ఏడ్చింది.
జనం మళ్లీ దగ్గరికొచ్చారు.
నన్ను చూసే చూపు మాత్రం
సగమే మారింది.

రాత్రి పిడి సందులోంచి నీలం పోగొకటి లాగి
కొబ్బరినూనె చుక్క వేసి తుడుస్తూ
సువార్తకి చెప్పాను.
ఏమీ అనలేదు.
లేచి వంటింట్లోంచి ఆ మొద్దు కత్తి తెచ్చింది,
నా చేతికివ్వబోయి, ఆగి
గచ్చు మీద పెట్టింది.

సానరాయి తడిపాను.